ఉటంకింపుల లెక్క: యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనకు విలువ కట్టుట ఎట్లు?

ఉపోద్ఘాతము

ఒక శాస్త్రజ్ఞుడు చేసిన పరిశోధన లోకమున ఎంతదూరము వ్యాపించెను? అది ఎందరి పనికి ఆధారమయ్యెను? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు నేడు ముఖ్యముగా రెండు కొలతలు వాడుకలో నున్నవి. మొదటిది ఉటంకింపుల సంఖ్య. ఒక పరిశోధకుడు తన వ్యాసమున పూర్వుల వ్యాసములను పేర్కొని, ఫలాని విషయమును ఫలానివారినుండి గ్రహించితినని తెలుపుటయే ఉటంకింపు. ఒక వ్యాసమును తరువాతివారు ఎన్నిమారులు పేర్కొనిరో లెక్కించినచో దాని ప్రభావము తెలియునని ఈ కొలతను వాడువారి అభిప్రాయము. రెండవది సహకారము. ఎవరెవరు కలసి వ్యాసములు వ్రాసిరో ఆ పేర్లనుబట్టి చూచి, ఒక శాస్త్రజ్ఞుడు ఎందరితో చేయి కలిపి పనిచేసెనో నిర్ణయింతురు. ఉద్యోగములకు, పదోన్నతులకు, పరిశోధన ధనమునకు, బహుమానములకు ఈ లెక్కలనే చూచువారు నేడు పెక్కుమంది.

ఈ రెండు కొలతలకును ఆధారము ఒక్కటియే. అది వ్యాసముపై అచ్చయిన పేరు. పేరున్నచోట లెక్క సాగును. పేరు లేనిచోట లెక్క నిలిచిపోవును. ఈ సంగతిని పరీక్షించుటకు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి (1895–1948) జీవితముకంటె తగినది తెలుగువారి చరిత్రలో అరుదు. ఆయన పేరు గల ఒక చిన్న పద్ధతిని లోకము వేలకొలది వ్యాసములలో పేర్కొన్నది. ఆయన నడపిన గొప్ప పనులు కొన్నింటిపై ఆయన పేరే లేదు. ఈ రెంటి నడుమనున్న దూరమును కొలుచుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము. ఉటంకింపుల లెక్క అసత్యము చెప్పదు. కాని పేర్లకు తెలిసినంతవరకే చెప్పును. మిగిలినది వెదకి చేర్చుట చరిత్ర వ్రాయువారి బాధ్యత.

పూర్వుల పద్ధతి

పూర్వులను పేర్కొనుట మన సాహిత్యమునకు క్రొత్త విద్య కాదు. కోలాచల మల్లినాథసూరి తన వ్యాఖ్యానములలో మూలము లేనిదేదియు వ్రాయనని ప్రతిన పూనెను. మన లక్షణకర్తలు ఒక నియమమును చెప్పిన పిదప, దానికి లక్ష్యముగా పూర్వకవి ప్రయోగమును చూపుట ఆచారము. అట్లు సంకలన గ్రంథములలో ఉదాహృతములైన పద్యములను ఏర్చి వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1918లో ‘ప్రబంధరత్నావళి’ని ప్రకటించిరి. కావ్యములు నశించినను, ఎవరో ఒకరు పేరుతో ఉదాహరించుటచేత ఆ కవులు చరిత్రలో నిలిచిరి. పేరు చెప్పక పద్యమును మాత్రమే ఉదాహరించినచోట్ల ఆ పద్యము కర్త తెలియని చాటువుగా మిగిలినది. పేరున్న ఉటంకింపునకును పేరులేని ఉటంకింపునకును గల భేదము మనకు ఇట్లు ఎన్నడో అనుభవమునకు వచ్చినదే.

సహకారమును చెప్పుకొనుటయందును మనకు గొప్ప మేలుబంతి కలదు. ఆంధ్రమహాభారత రచనమున తనకు తోడైన నారాయణభట్టును నన్నయభట్టు అవతారికలోనే స్మరించి, భారతయుద్ధమున అర్జునునకు కృష్ణుడెట్టివాడో తనకు అతడట్టివాడని చెప్పుకొనెను. నారాయణభట్టు ఆ భారతమున ఏ పద్యము వ్రాసెనో, ఏ విధముగ తోడ్పడెనో మనము వేరుచేసి చూపజాలము. అయినను నన్నయ చెప్పిన ఆ కృతజ్ఞతావాక్యము వలన ఆ పేరు దాదాపు వేయి సంవత్సరములు నిలిచినది. ఇటీవలి కాలమున తిరుపతి వేంకటకవులు తమ రచనలకు జంటపేరునే పెట్టుకొనిరి. 1920లో తిరుపతిశాస్త్రిగారు గతించిన పిదపను చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు జంటపేరుతోనే రచనలను ప్రకటించుచు వచ్చిరి. పేరు పంచుకొనుటలో ఇవి రెండు ఉదారమైన పద్ధతులు. ఆధునిక శాస్త్రలోకమున ఇట్టి ఔదార్యము ఎల్లవేళల కానరాదు.

కొలత పుట్టిన విధము

ఉటంకింపులను వరుసగా పట్టిక వేయుట మొదట శాస్త్రజ్ఞుల పని కాదు, న్యాయవాదుల పని. ఒక తీర్పును తరువాతి తీర్పులు సమర్థించెనో త్రోసివేసెనో తెలియక వాదించుట అపాయకరము గనుక, అమెరికాలో ఫ్రాంక్ షెపర్డు 1873 నాటినుండి అట్టి పట్టికలను ప్రకటింపసాగెను. శాస్త్రవిషయమున ఈ లెక్కను చేసి చూపినవారిలో తొలివారుగా గ్రాస్ దంపతులను చెప్పుదురు. ఒక చిన్న కళాశాల తన గ్రంథాలయమునకు ఏ రసాయనశాస్త్ర పత్రికలను కొనవలెనన్నది వారి ప్రశ్న. అమెరికను రసాయన సంఘమువారి పత్రిక యొక్క 1926 సంపుటమును ముందుంచుకొని, అందలి వ్యాసములు ఏయే పత్రికలను ఎన్నిమారులు పేర్కొనెనో లెక్కించి, ఆ ఫలితమును 1927లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిరి. అదే సంవత్సరమున, అదే పత్రికలో, సైరస్ ఫిస్కె, సుబ్బారావుగార్లు కండరములయందలి ఫాస్ఫోక్రియాటిన్ గూర్చిన తమ తొలి ప్రకటనను అచ్చువేయించిరి. కొలమానమును, దానికి లొంగని మనిషియు ఒకే సంవత్సరపు సంపుటమున ఇట్లు ఇరుగుపొరుగైరి.

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు 1924లో అధికారిగా వచ్చిన ఎస్. ఆర్. రంగనాథన్‌గారు, గ్రంథాలయ విషయములకు గణితమును వర్తింపజేయు శాస్త్రమొకటి ఆవశ్యకమని 1948లో ఇంగ్లండున జరిగిన సభలో సూచించి, దానికి ‘లిబ్రమెట్రీ’ అని పేరు పెట్టిరి. 1955లో యూజీన్ గార్‌ఫీల్డు, న్యాయవాదుల పట్టికవంటిదే శాస్త్రములకును కావలెనని ‘సైన్స్’ పత్రికలో ప్రతిపాదించెను. అతడు ఫిలడెల్ఫియాలో నెలకొల్పిన సంస్థ 1964 నాటికి శాస్త్రముల ఉటంకింపుల సూచికను వెలువరించినది. గార్‌ఫీల్డు ఆశయము వెదకుటకు సాధనమును కూర్చుట. దానిని మనుష్యులను తూచు తక్కెడగా వాడుట క్రమముగా ప్రబలినది.

2005లో భౌతికశాస్త్రజ్ఞుడు జోర్గె హిర్ష్ ఒక క్రొత్త అంకెను సూచించెను. ఒకని వ్యాసములలో పది వ్యాసములు ఒక్కొక్కటి పదిమారులకు తక్కువ కాకుండ ఉటంకింపబడి, పదునొకండవది పదునొకండుమారులు ఉటంకింపబడనిచో అతని అంకె పది. దీనినే ‘హెచ్ సూచిక’ యందురు. ఇది పరిమాణమును వ్యాప్తిని కలిపి చూపునన్న మాట నిజము. కాని ఇందొక విచిత్రము కలదు. ఒక వ్యాసము పదివేలమారులు ఉటంకింపబడినను ఈ లెక్కలో అది ఒక్క వ్యాసమే. అంకెను ఒక్కటికి మించి పెంచజాలదు. ఈ మాటను గుర్తుంచుకొని సుబ్బారావుగారి తొలి వ్యాసమును చూతము.

లెక్కకు అందిన పని

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. మద్రాసు తిరువల్లిక్కేణి హిందూ ఉన్నత పాఠశాలలోను, ప్రెసిడెన్సీ కళాశాలలోను, వైద్య కళాశాలలోను చదివిరి. గాంధీగారి పిలుపు విని ఖద్దరు ధరించుట ఒక ఆచార్యునకు నచ్చక, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్. అను తక్కువ పట్టమే ఆయనకు దక్కినది. కొంతకాలము మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించి, మామగారి సాయముతోను, కాకినాడ మల్లాది సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయముతోను అమెరికా చేరి, హార్వర్డులో ఆచార్య ఆటో ఫోలిన్ ఆధిపత్యము క్రింద నున్న జీవరసాయన విభాగమున సైరస్ ఫిస్కెతో పనిచేసిరి.

1925లో వీరిరువురును భాస్వరమును వర్ణమునుబట్టి కొలుచు పద్ధతిని ప్రకటించిరి. రక్తమునందును మూత్రమునందును గల భాస్వరము అతిస్వల్పము. దానిని తూచి చెప్పుట కష్టము. ఆమ్లద్రవమున ఫాస్ఫేటును మాలిబ్డేటుతో కలిపి, పిదప తగిన క్షయకరణ ద్రవ్యమును చేర్చినచో నీలిరంగు పుట్టును. భాస్వరము ఎంతయున్న రంగు అంత చిక్కన. తెలిసిన పాళములో చేసిన ద్రవపు రంగుతో దీనిని పోల్చినచో భాస్వరపు పరిమాణము తెలియును. ఫిస్కె–సుబ్బారావు పద్ధతి యొక్క ప్రత్యేకత వారు ఎన్నుకొనిన క్షయకరణ ద్రవ్యమునందు, అనగా అమైనోనాఫ్థాల్ సల్ఫానిక్ ఆమ్లమునందు, కలదు. రంగు వేగముగా ఏర్పడి, కొలుచుటకు వీలుగా నిలుచుటచే వైద్యశాలలును ప్రయోగశాలలును దీనిని స్వీకరించినవి. పలుతరముల విద్యార్థులు ఈ పేరు జంటను ప్రయోగపుస్తకమున వ్రాసికొనిరి. ఈ వ్యాసమునకు వచ్చిన ఉటంకింపులు వేలకొలది.

ఈ పద్ధతితో కండరముల రసమును పరీక్షించునప్పుడు రంగు ఏర్పడుట అనుకొన్నట్లు గాక ఆలస్యమగుచుండెను. ఆ ఆలస్యమును పొరపాటని త్రోసివేయక కారణమును వెదకగా, అక్కడ సులభముగ విడిపోవు భాస్వర సమ్మేళనమొకటి యున్నదని తేలినది. అదియే 1927 నాటి ఫాస్ఫోక్రియాటిన్. ఇంగ్లండులో ఎగ్లెటన్ దంపతులును ఆ కాలముననే ఆ పదార్థపు జాడ కనుగొనిరి. 1929లో ఫిస్కె, సుబ్బారావుగార్లు అడినోసిన్ ట్రైఫాస్ఫేటును, అనగా నేడు ఏ.టి.పి. అని బడిపిల్లలు సైతము చదువు పదార్థమును, వేరుచేసి ప్రకటించిరి. జర్మనీలో కార్ల్ లోమాన్ అదే సంవత్సరమున వేరుగా కనుగొనెను. కండరము కదలుటకు లాక్టిక్ ఆమ్లమే మూలమని అంతకుముందున్న సిద్ధాంతమునకు హిల్, మేయర్‌హాఫ్‌లు 1922 సంవత్సరపు నోబెల్ బహుమానమును పొందియుండిరి. భాస్వర సమ్మేళనముల ఆవిష్కరణముతో ఆ సిద్ధాంతము సడలినది. లాక్టిక్ ఆమ్లము ఏర్పడకయు కండరము ముడుచుకొనగలదని 1930లో డెన్మార్కునందు లుండ్స్‌గార్డు నిరూపించెను.

ఈ మూడింటిలో ఏది గొప్పది? ప్రాణశక్తి స్వరూపమును తెలిపిన 1927, 1929 నాటి పనులే గొప్పవని ఎవరైనను చెప్పుదురు. కాని కొలత పద్ధతిని తెలిపిన వ్యాసములే ఎక్కువగా ఉటంకింపబడుట శాస్త్రలోకమున సామాన్యము. 1951లో ఆలివర్ లోరీ, అతని సహచరులు ప్రొటీనును కొలుచుటకు ప్రకటించిన పద్ధతి 2014 నాటి గణనములో 3 లక్షలకు మించిన ఉటంకింపులతో ప్రథమస్థానమున నిలిచినది. అది తన గొప్ప వ్యాసమేమియు కాదని లోరీయే చెప్పుకొనెను. వడ్రంగి నిత్యము వాడునది కొలబద్ద. ఎన్నిమారులు చేతబట్టెనన్న లెక్క తీసినచో కొలబద్దయే మొదట నిలుచును. అంతమాత్రమున అతడు నిలిపిన ఇంటికంటె కొలబద్ద గొప్పది కానేరదు.

కరగిపోయిన పేరు

ఉటంకింపు తగ్గుట ఎల్లప్పుడును ఉపేక్షకు గుర్తు కాదు. ఒక సత్యము అందరికిని తెలిసినదైనప్పుడు దానిని చెప్పినవారిని పేర్కొనుట మానివేయుదురు. సామాజిక శాస్త్రజ్ఞుడు రాబర్టు మెర్టన్ ఈ సంగతిని విశదముగా చర్చించెను. ఏ.టి.పి. అను మూడక్షరములు లేని జీవరసాయన గ్రంథము నేడు లేదు. ఆ మాటను వ్రాయువారిలో 1929 నాటి వ్యాసమును పేర్కొనువారు ఎందరు? ఉప్పు నీటిలో కరగినట్లు ఆ పని శాస్త్రమున కరగినది. రుచి అంతట నున్నది, కంటికి కనబడదు.

ఇట్టి భాగ్యమే మరొక తెలుగు శాస్త్రజ్ఞునకు వేరొక రీతిగ పట్టినది. గణాంకశాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920 సెప్టెంబరు 10న హడగళిలో జన్మించి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పట్టభద్రులై కలకత్తా చేరిరి. 1945లో కలకత్తా గణితసంఘమువారి పత్రికలో ఆయన ఒక్కరే వ్రాసిన చిన్న వ్యాసము, ఒక అంచనా ఎంతవరకు ఖచ్చితము కాగలదో చెప్పు హద్దును నిరూపించినది. 1946లో స్వీడను దేశస్థుడు క్రామర్ వేరుగా ఆ హద్దునే చెప్పుటచే దానికి క్రామర్–రావు అసమానత అని పేరు వచ్చినది. అదే వ్యాసమునందలి మరియొక ఫలితము రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతమను పేర వ్యవహృతమగుచున్నది. గణాంకశాస్త్రము చదువువాడు ఈ పేర్లను పలుకక ముందుకు సాగలేడు. కాని పలికిన ప్రతివాడును 1945 నాటి కలకత్తా పత్రికను పేర్కొనడు. సూచికలో అది లెక్కకు రాదు. 2023లో, తమ 102వ యేట, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానమునకు ఆయనను ఎన్నుకొన్నప్పుడు నిర్ణేతలు చూచినది డెబ్బదియెనిమిదేండ్ల నాటి ఆ వ్యాసమును. అదే సంవత్సరము ఆగస్టు 22న ఆయన కీర్తిశేషులైరి.

రాధాకృష్ణారావుగారికి పేరు సిద్ధాంతమునకు అంటుకొని నిలిచినది. సుబ్బారావుగారికి ఆ పేరు 1925 నాటి పద్ధతికి మాత్రమే అంటుకొన్నది. తక్కిన పనికి ఏమైనదో చూడవలెను.

సంతకము లేని సహకారము

హార్వర్డులో సుబ్బారావుగారికి స్థిరమైన ఆచార్యపదవి లభింపలేదు. ఆయనతో అక్కడ చదివి, 1988లో నోబెల్ బహుమానమును పొందిన జార్జి హిచింగ్స్ తరువాతి కాలమున ఒక మాట చెప్పెను. సుబ్బారావుగారు వేరుచేసిన న్యూక్లియోటైడులలో కొన్నింటిని పెక్కేండ్లకు ఇతరులు మరల కనుగొనవలసి వచ్చెననియు, ఫిస్కె ఆ పనిని వెలుగు చూడనీయకుండుటయే అందుకు కారణమై కనబడుచున్నదనియు ఆ మాట సారాంశము. అచ్చుకాని పనికి ఉటంకింపు పుట్టదు. పుట్టని బిడ్డకు జాతకము వ్రాయుట ఎట్లు?

1940లో సుబ్బారావుగారు న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివరులో నున్న లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లి, పరిశోధనలకు అధిపతియైరి. అక్కడి ఎనిమిదేండ్లలో జరిగిన పనిని నాలుగు భాగములుగా చూడవచ్చును.

మొదటిది ఫోలిక్ ఆమ్లము. గర్భిణులకు వచ్చు ఒకవిధమైన రక్తహీనతను ఈస్టు సారముతో పోగొట్టవచ్చునని 1931లో లూసీ విల్స్ బొంబాయిలో చేసిన పనివలన చూపెను. అందలి గుణకారి పదార్థమును కృత్రిమముగ తయారుచేసి లెడర్లీవారు 1945లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించిరి. ఆ వ్యాసమున పదునారుగురి పేర్లు కలవు. అవి రెండు వరుసలుగా, ఒక్కొక్క వరుస ఆంగ్ల అక్షరక్రమమున కూర్పబడినవి. మొదటి వరుసలో సుబ్బారావుగారిది ఏడవ పేరు. ఆ ఏడవ స్థానమును ఇచ్చినది ఆయన పని కాదు, ‘ఎస్’ అను అక్షరము. పూర్ణగణనము చేయువారు పదునారుగురికిని తలా ఒక వ్యాసము వ్రాయుదురు. భాగించువారు తలా పదునారవ వంతు వ్రాయుదురు. సంకల్పించి, దిశ చూపి, జనమును కూర్చినవానికి ఎంత వంతు? ఈ రెండు గణనములలో దేనికిని ఆ ప్రశ్న వినబడదు. ఇరువురు సోదరులను ‘స్ప్రూ’ అను గ్రహణి వ్యాధికి కోల్పోయిన మనిషి, ఆ వ్యాధికి పనికివచ్చు ఔషధము వెలువడిన ప్రయోగశాలకు అధిపతి యయ్యెనన్న సంగతి ఏ పట్టికకును ఎక్కదు.

రెండవది అమైనోప్టెరిన్. ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించు ఈ పదార్థము లెడర్లీలో తయారైనది. బోస్టనులో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దీనిని రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చెను. 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికముగ నెమ్మది కలిగినదని 1948 జూనులో ప్రకటించెను. ఔషధములతో క్యాన్సరును ఎదుర్కొను చికిత్స చరిత్రలో ఇది ఒక ఆరంభము. ఆ వ్యాసమునకు కర్తలు ఐదుగురు. వారిలో సుబ్బారావుగారు లేరు. సహకారమును సహకర్తల పేర్లనుబట్టి కొలుచు పటమున ఫార్బరునకు సుబ్బారావుగారికి నడుమ ఈ వ్యాసము గీత గీయదు. గీత లేని ఆ చోటనే మందు చేతులు మారినది.

మూడవది బోదకాలునకు మందు. డైఇథైల్‌కార్బమజైన్ అను ఈ ఔషధమును గూర్చి 1947లో లెడర్లీవారు ప్రకటించిన వ్యాసమున సహకర్తలలో ఒకరుగా సుబ్బారావుగారి పేరు కలదు. నేటికిని మన దేశమున బోదకాలు నిర్మూలనకై ఊరూర ఇంటింటను ఇచ్చు మాత్రలలో ఇది యొకటి.

నాలుగవది ఆరియోమైసిన్. ఇక్కడ మనవారు కొంత జాగ్రత్త వహింపవలెను. దీనిని సుబ్బారావుగారే కనుగొనిరని తెలుగు వ్యాసములలో తరచుగ కనబడును. మట్టిలోని సూక్ష్మజీవినుండి దీనిని కనుగొనినవాడు, డెబ్బదియేండ్లు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధన సుబ్బారావుగారి ఆధిపత్యమున నున్న ప్రయోగశాలలో జరిగినది. అధిపతి చేసినది అధిపతికి, కనుగొనినవాడు చేసినది కనుగొనినవానికి చెందవలెను. మనవాని పేరును ఒకరు మరుగుపరచిరని నొచ్చుకొనుచు, మనమే మరియొకని పేరును మరుగుపరచుట న్యాయము కాదు.

1948 ఆగస్టులో, యాబదిమూడవ యేట, సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూసిరి. ఫార్బరు వ్యాసము వెలువడి అప్పటికి రెండు నెలలు. ఆ పనుల ఫలములు ప్రపంచమంతట పాకుట ఆయన చూడలేదు.

ఇంటిపేరు చిక్కు

లెక్క తప్పుటకు మన తెలుగువారికి ప్రత్యేకమైన కారణమొకటి కలదు. అది ఇంటిపేరు. పాశ్చాత్యుల సూచికలు చివరనున్న మాటను వంశనామముగా గ్రహించి, ముందున్న మాటను పొడి అక్షరముగా కుదించును. మనకు వంశనామము ముందుండును. అందుచే యల్లాప్రగడ ఒక్క ‘వై’ అక్షరమైనది, సుబ్బారావు వంశనామమైనది. ఆ సుబ్బారావును ఆంగ్లమున కలిపియు, విడదీసియు, చివర ‘రావ్’ అనియు ‘రో’ అనియు పలువిధముల వ్రాయుదురు. యంత్రమునకు ఒక్కొక్క వర్ణక్రమము ఒక్కొక్క మనిషి. తెలుగులో సైతము యల్లాప్రగడ, ఎల్లాప్రగడ అని రెండు విధముల కనబడుచున్నది. ఇక ‘రావు’ అను చివరి మాటతో సూచిక తెరచినవానికి కల్యంపూడివారు ఎవరో, తక్కిన వేలకొలది రావులెవరో తెలియుట దుస్తరము.

మా ఆరంబాక్కము వంటి సరిహద్దు గ్రామమున ఈ చిక్కు నిత్యము కనబడునదే. మద్రాసునుండి గూడూరునకు పోవు రైలుదారిలో, తమిళ ఆంధ్ర రాష్ట్రముల ఎల్లకు ఇవతల నున్న ఊరిది. ఈ దారికి దక్షిణపు కొనను సుబ్బారావుగారు చదువుకొనిరి. ఉత్తరపు కొనను రాధాకృష్ణారావుగారు కొంతకాలము చదువుకొనిరి. ఇచ్చట తమిళ ఆచారమున పేరుకు ముందున్న అక్షరము తండ్రిపేరునకు గుర్తు. తెలుగు ఆచారమున అది ఇంటిపేరునకు గుర్తు. ఒకే హాజరుపట్టీలో రెండు ఆచారములును ప్రక్కప్రక్కన నుండును. తెలుగింటి బిడ్డ పేరుకు ముందు బడిలో తండ్రి అక్షరమును, ఇంట ఇంటిపేరును, పై చదువులకు పోయినప్పుడు మరియొక క్రమమును చేరుచున్నవి. ఆ బిడ్డ రేపు పరిశోధకుడైనచో అతని వ్యాసములు మూడు పేర్లక్రింద చీలును.

ఈ చిక్కును విడదీయుటకే 2012లో ‘ఆర్కిడ్’ అను ఏర్పాటు వచ్చినది. పరిశోధకునకు 16 స్థానముల గుర్తుసంఖ్య నొకదానిని ఇత్తురు. పేరు ఎట్లు వ్రాసినను సంఖ్య మారదు. ఇది మంచి ఏర్పాటే. కాని పూర్వులకు ఇది చేరదు. వారి పేర్లను ఏకము చేయుట మన పని.

కర్తవ్యము

ఉటంకింపులను లెక్కించుట వ్యర్థమని నేను అనను. ఆ లెక్క లేనిచో, మద్రాసులో తక్కువ పట్టము పొందిన ఒక యువకుని పద్ధతిని ప్రపంచము ఎంత విస్తారముగ వాడెనో రుజువు చేయుట కష్టమయ్యెడిది. ప్రశంసావాక్యముకంటె లెక్కకు నిదర్శనబలము హెచ్చు. అయినను పత్రిక ప్రసిద్ధినిబట్టియో అంకెనుబట్టియో మనిషిని తూచుట తగదని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కూడిన శాస్త్రపత్రికల సంపాదకులు, పరిశోధకులు ఒక ప్రకటన సిద్ధపరచిరి. పని యొక్క సారమును చదివి విలువ కట్టవలెనని దాని తాత్పర్యము.

కావున ఒక శాస్త్రజ్ఞుని చరిత్రను వ్రాయువారు మూడు ఖాతాలు తెరువవలెనని నా మనవి. మొదటి ఖాతాలో పేరు గలిగి ఉటంకింపబడిన పనులు వ్రాయవలెను; 1925 నాటి పద్ధతి ఇందు చేరును. రెండవ ఖాతాలో పేరు గలిగియు, సర్వసామాన్యమగుటచే ఉటంకింపబడని పనులు వ్రాయవలెను, ఏ.టి.పి. ఇందు చేరును. మూడవ ఖాతాలో పేరు లేక జరిగిన పనులు వ్రాయవలెను. ఫార్బరునకు చేరిన మందు ఇందు చేరును. మొదటి ఖాతాను యంత్రము నింపగలదు. రెండవదానికి శాస్త్రము తెలిసినవారు కావలెను. మూడవదానికి ప్రయోగపుస్తకములు, లేఖలు, సహచరుల సాక్ష్యములు కావలెను. ఎస్. పి. కె. గుప్తగారు 1987లో సుబ్బారావుగారి జీవితచరిత్రను ప్రకటించి ఆ మూడవ ఖాతాకు త్రోవ చూపిరి. ఆ ఖాతా వ్రాయునప్పుడు డగ్గరు విషయమున చెప్పిన జాగ్రత్త విడువరాదు; సాక్ష్యమున్నంతవరకే వ్రాయవలెను.

తెలుగు సంఘములు చేయదగిన పనులు రెండు. తమ సంచికలలో శాస్త్రజ్ఞులను గూర్చి వ్రాయించునప్పుడు ఇంటిపేరును పూర్తిగా, ఆంగ్ల పత్రికలలో వాడుకైన వర్ణక్రమములనన్నింటిని, సహకర్తల పేర్లను, సంవత్సరములను తప్పక చేర్పింపవలెను. రెండవది, విదేశములలోను పొరుగు రాష్ట్రములలోను పనిచేసి విశ్రాంతి పొందిన తెలుగు పరిశోధకులు జీవించియుండగనే, వారు ఎవరికి సాయపడిరో, వారికి ఎవరు సాయపడిరో అడిగి వ్రాసి ఉంచవలెను. నన్నయ ఒక్క పద్యముతో చేసిన పని ఇదియే.

ఈ ప్రాంతపు ప్రభుత్వ పాఠశాలలలో బాలబాలికలకు వారమునకు ఒకమారు ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిపిన మాత్ర నిత్తురు. దానిని మ్రింగు పిల్లవాడు ఏ వ్యాసమును ఉటంకింపడు. ఆ మాత్ర ఎక్కడినుండి వచ్చెనో అతనికి తెలుగులో చెప్పు పాఠమొకటి వ్రాయవలసియున్నది. అందు లూసీ విల్స్ పేరును, ఆ పదునారుగురి పేర్లును, వారిలో ఏడవవారి ఇంటిపేరును పూర్తిగా ఉండవలెను.